కిటికీని మూసిన రాయి

నా చిన్నప్పుడు మా గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీని ఒక గొప్ప మనిషి పేరు పెట్టి మూసేశారు. ఈ మాట అరవై ఏళ్ళుగా చెబుతున్నాను. వినేవాళ్ళు మారారు గాని నా మాట మారలేదు. నేను మొదలుపెట్టగానే మా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చూసుకోనీ. జరిగింది జరిగినట్టు చెప్పడానికి ఆ గదిలో ఉన్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.

కలకత్తాలో వాట్‌గంజ్ రేవుకు దగ్గరగా ఒక సన్నని గల్లీలో మా లైను ఉండేది. పక్కపక్కనే అంటుకుని ఉన్న పద్నాలుగు గదులు. వాటిలో ఉన్నవాళ్ళంతా శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో బస్తాలు ఎత్తి దించే పనికి వచ్చినవాళ్ళే. నాన్న, నాయనమ్మ, నేను ఉండే మా గది తలుపు లోపలి వసారాలోకి తెరుచుకునేది. వసారా మీద రేకులు కప్పి ఉండడం వల్ల పట్టపగలు కూడా అక్కడ మసకగానే ఉండేది. గల్లీ వైపు మాకున్నది ఆ కిటికీ ఒక్కటే. నాలుగు ఇనప ఊచలు. రెండో ఊచ మధ్యలో బయటికి వంగి ఉండేది. ఎవరు వంచారో మాకు తెలియదు. ఆ వంపులో నా గడ్డం సరిగ్గా పట్టేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు వానాకాలంలో కుళాయి దగ్గర పాచి మీద జారి పడ్డాను. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో నడుము నుంచి మడమ దాకా పిండికట్టు వేసి, మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. మా నాన్న ఒక్క మాట కూడా మాట్లాడకుండా మంచాన్ని కిటికీ కింద వేశాడు. మాట్లాడకపోవడం ఆయన అలవాటు. ఆ రోజు నుంచి గల్లీ అంతా నాదే. చేపల బుట్ట దించిన బెంగాలీ ముసలమ్మతో దెబ్బలాడేదాన్ని. సాయంత్రం గోధుమపిండి ఓడ దించి, కనుబొమలతో సహా తెల్లబడి, బస్తాలు లాగే కొక్కేలు భుజాన వేసుకుని వచ్చే మనుషుల్లో మా నాన్న ఎవరో నడక చూసి చెప్పేదాన్ని. అందరూ కిటికీ దగ్గర ఒక నిమిషం ఆగి నా కాలు ఎలా ఉందని అడిగేవారు. కాలు లేకపోయినా కిటికీ ఉందిలే అనుకున్నాను.

ఇక ఆ గొప్ప మనిషి సంగతి. ఆయన రేవు కూలీల సంఘానికి ప్రెసిడెంటు. మాకంటే ముందు మా గదిలో ఉన్న కుటుంబంలో పుట్టి, అక్కడే పెరిగి, చదువుకుని, గుమాస్తా పనిలో చేరి, చివరికి సంఘం పెద్ద అయ్యాడు. కూలీలు వానలో తడవకుండా కూర్చుని అన్నం తినే షెడ్డు వేయించింది ఆయనే. అది కాదనను. అప్పటికి ట్రాము పట్టాల అవతల మేడ ఇంట్లో తన ముసలి తల్లితో ఉండేవాడు.

కలకత్తాలో పెద్ద పెద్ద బాబుల ఇళ్ళ గోడలకు పాలరాతి పలకలు ఉంటాయి. ఫలానావారు ఇక్కడ నివసించారు అని వాటి మీద చెక్కి ఉంటుంది. మా సంఘంవాళ్ళు పనికి పోతూ వస్తూ వాటిని చూశారు. మన మనిషికి మాత్రం ఎందుకు ఉండకూడదని వాళ్ళకు పౌరుషం పుట్టింది. ఆ పలకల మీద ఉన్న బాబులందరూ ఎప్పుడో చనిపోయారన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. మన ప్రెసిడెంటు గారు నిక్షేపంగా బతికి ఉన్నారు. మా వైపు పేరు చెప్పి రాయి వేసేది పోయినవాళ్ళకే. ఆ సంగతి మా లైనులో పెద్దవాళ్ళకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

రాయి వచ్చింది. తెల్లటి పాలరాయి, నల్లటి తెలుగు అక్షరాలు. తాపీమేస్త్రీ వచ్చి గోడ మీద తట్టి చూసి, ఇది పాతకాలపు సున్నపు గోడ, ఉలి వేస్తే రాలిపోతుంది, ఇంత బరువు ఆపదు అన్నాడు. తర్వాత వాడి చూపు నా కిటికీ మీద పడింది. కిటికీ తీసేసి ఆ ఖాళీలో కొత్త ఇటుక కడితే రాయి నిలుస్తుందన్నాడు. సంఘం సెక్రటరీ అక్కడే ఉన్నాడు. నేను ఊచల వెనక ఉన్నాను. నన్ను చూస్తూనే అన్నాడు.

"రెండు జానల కన్నం. పెద్దమనిషి పేరు కన్నా ఎక్కువేటి?"

ఆ సెక్రటరీ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆయన మీద నాకింకా కోపం పోలేదు. మరునాడు మేస్త్రీ ఊచల మీద నుంచి నా వేళ్ళు ఒక్కొక్కటే తీశాడు, నవ్వుతూ. సెక్రటరీ మాట మొదటి అవమానమైతే, అది రెండోది. పక్కింటి అక్క తొంగి చూసి, పాలరాతి గోడ, మీరు అదృష్టవంతులు అంది. అది మూడోది. నాలుగోది మా నాన్న. ఆయన ఇసుక తట్ట అందించాడు. నేను అరిచి ఏడుస్తుంటే "ఊరుకో" అన్నాడు. అంతే. ఏ గ్యాంగు ఏ ఓడ మీదికి పోవాలో కాగితం రాసేది ఆ సెక్రటరీయే. మా నాన్న నోరు విప్పితే మరునాడు మా గ్యాంగుకు ఓడ ఉండదు. ఇది ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. కిటికీ చట్రాన్ని ఏం చేశారని అడిగితే మా నాన్న ఖాళీ తట్ట తీసుకుని బయటికి పోయాడు. పాత ఇనుము కొట్టుకు వేసేశాడనుకుని గోడ వైపు తల తిప్పుకున్నాను.

రాయి మీది గుడ్డ తీసిన రోజున ప్రెసిడెంటు గారు వచ్చారు. గల్లీ నిండా జనం. ఆయన బయట నిలబడి, ఈ గది నన్ను పెంచింది, ఈ గదిని నేను మరిచిపోలేను అని మాట్లాడారు. ఆ గదిలో చీకట్లో పడుకుని, గోడ అవతల నుంచి ఆ మాటలు నేను విన్నాను. ఆయన లోపలికి రాలేదు. బయటికి వచ్చిన పిల్లలందరికీ ఒక్కో లడ్డూ పెట్టారు. నేను బయటికి రాలేను కదా. ఆ లడ్డూ నాకు ఇప్పటికీ బాకీయే.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పగలు కూడా కిరసనాయిలు దీపం వెలిగేది. దాని పొగ పైకప్పు కింద ఆగిపోయి, తిరిగి నా మొహం మీదికే దిగేది. పిండికట్టు లోపల చెమట పట్టి దురద పుట్టేది. చీపురు పుల్ల ఎంత లోపలికి దోపినా దురద ఉన్న చోటికి అందేది కాదు. ఓడ కూతను బట్టి పొద్దు ఎంతయిందో పోల్చుకునేదాన్ని. కొత్త గోడకు లోపలి వైపు పూత కూడా పూయలేదు. ఆ ఇటుకలు లెక్కపెట్టాను, నలభై ఒకటి. కింది నుంచి లెక్కపెట్టినా పై నుంచి లెక్కపెట్టినా అంతే. బయట చేపల ముసలమ్మ కేక వినపడితే నేనూ కేక వేసేదాన్ని. ఆమెకు వినపడేది కాదు. నాలుగు రోజులకు నా పేరు పిలవడం అందరూ మానేశారు. నేను నిద్రపోతున్నానని అనుకుని ఉంటారు. నాకు మాత్రం గోడకు అవతల ఉన్నది గల్లీయో నేను లేని ఇంకో లోకమో తెలియనట్టు ఉండేది.

అది దుర్గపూజకు ముందు కాలం. దూరంగా డప్పులు సాధన చేస్తున్న చప్పుడు మొదలైంది. అమ్మవారిని నదికి తీసుకుపోయేది మా గల్లీలోంచే. కట్టు విప్పేది పూజ అయ్యాక. కిటికీ లేకపోతే ఆ ఏడు నాకు అమ్మవారు లేదు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఇటుకలు మళ్ళీ లెక్కపెట్టేదాన్ని.

మా నాయనమ్మ ఒక్కతే సెక్రటరీ దగ్గరికి వెళ్ళింది. మీ అబ్బాయిని పంపండి, ఆడవాళ్ళతో మాట్లాడేది కాదు అని ఆయన తిప్పి పంపాడు. మా లైనులో ఎవరు పుట్టినా స్నానం చేయించేది, ఎవరు పోయినా ఏ రోజు ఏం చెయ్యాలో చెప్పేది మా నాయనమ్మే. అటువంటి మనిషిని గుమ్మంలోంచి పంపేశాడు. ఆవిడ వచ్చి నా మంచం పక్కన కూర్చుని చుట్ట వెలిగించి, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ చాలాసేపు ఆ ఇటుకల వైపు చూసింది. గట్టిగా అరిచి రాకపోయావా అని నేను అడిగాను.

"అరిస్తే తలుపేసుకుంటారే గుంటా. దండం ఎడితే ఏటి సేస్తారు?" అంది.

పెద్దల అమావాస్య వచ్చింది. ఊళ్ళో ఉన్నా కలకత్తాలో ఉన్నా ఆ రోజు పోయినవాళ్ళకు ముద్ద పెట్టి నీళ్ళు విడవాలి. తెల్లారగానే నాయనమ్మ తలస్నానం చేసి, తడి చీరతోనే వండింది. అన్నం, గుమ్మడికాయ కూర, నెత్తళ్ళనే ఎండు చేపల వేపుడు. విస్తరి పట్టుకుని గల్లీలోకి వెళ్ళింది. పాలరాయికి పసుపు రాసి, దాని ముందు విస్తరి పెట్టి, చెంబుతో నీళ్ళు విడిచి, ప్రెసిడెంటు గారి పేరు ఎత్తి కాకుల్ని పిలిచింది.

గోడ ఇవతల నుంచి నేను విన్నది ఆ పిలుపు ఒక్కటే. మిగతాది తర్వాత అందరూ చెప్పగా తెలిసింది. ఆడవాళ్ళు చుట్టూ చేరి ఏమిటిదని అడిగారట. రాయి ఏసినాక ముద్ద ఎట్టాలి కదా అని ఈవిడ సమాధానం. చిన్నప్పుడు ఆ గుంటడికి నెత్తళ్ళంటే ప్రాణం, అందుకే వేపాను అందట. రాయి వేసేది పోయినవాళ్ళకేనని అప్పటిదాకా దిగమింగుకున్న మాట అందరికీ ఒక్కసారి గుర్తొచ్చింది. పేరున్న రాయిని పస్తు ఉంచితే లైనుకు మంచిది కాదని ఇంకో ముసలమ్మ తానూ ఒక ముద్ద తెచ్చి పెట్టింది. సెక్రటరీ పరుగెత్తుకొచ్చి కేకలు వేశాడు. నాయనమ్మ తల వంచుకుని, రాయి వేసింది మీరే కదా బాబూ, మేము మర్యాద చేస్తున్నాం అంది. ఆయనా మా వైపువాడే. విస్తరిని కాలితో తన్నే ధైర్యం ఆయనకు లేదు, చేత్తో తీసే ధైర్యమూ లేదు. కాకి ముట్టేదాకా నిలబడి చూశాడట.

రేవులో మాట ఈగ కంటే వేగంగా పోతుంది. మధ్యాహ్నానికి రెండు గ్యాంగులు పని ఆపి, ప్రెసిడెంటు గారు ఎప్పుడు పోయారని అడిగాయి. మరునాడు పొద్దున్న బడ్జ్ బడ్జ్ నుంచి, అక్కడ జనపనార మిల్లులో పని చేసే మనవాళ్ళు ఏడెనిమిది మంది రైలు దిగి, తెల్లపూలు పట్టుకుని మా గల్లీలోకి వచ్చారు. వాళ్ళలో ప్రెసిడెంటు గారికి వరసకు చిన్నాన్న అయ్యే పెద్దాయన ఒకడు ఉన్నాడు. ఆయన రాయి మీద చెయ్యి వేసి గొంతెత్తి ఏడ్చాడు. సెక్రటరీ అడ్డం పడి, బతికే ఉన్నారు, నిన్న కూడా ఆఫీసుకు వచ్చారు అని చెబుతున్నాడు. పెద్దాయన ఏడుపు ఆపి, కళ్ళు తుడుచుకుని అడిగిన మాట నాకు గోడలోంచి స్పష్టంగా వినపడింది.

"బతికున్నోడికి రాయెందుకేసినార్రా?"

ఆ చీకట్లో, మూడు వారాల తర్వాత, నేను పగలబడి నవ్వాను.

నా నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ రోజే ప్రెసిడెంటు గారి తల్లి వచ్చింది. ఆవిడ నాయనమ్మ కంటే పెద్దది. ఒకే తీరం నుంచి ఒకే రైల్లో వచ్చినవాళ్ళు. ఒకరినొకరు వదినా అనుకునేవారట. మేడ ఇంటికి పోయాక కలవడం తగ్గింది. ఆవిడ రిక్షా దిగి, కొడుకు పేరున్న రాయినీ, పసుపునూ, వాడిన విస్తరినీ చూసి, నేల మీద కూలబడి ఏడ్చిందట. ఆ ఏడుపు వేరు. నాకు అప్పటికీ నవ్వు ఆగలేదు. వాళ్ళకు అలాగే కావాలి అన్నాను. నాయనమ్మ నాకు తొడపాశం పెట్టింది, బాగున్న కాలికే.

బయటికి వెళ్ళి వదినగారిని లేపి, లోపలికి నడిపించుకొచ్చి, నా మంచం మీద కూర్చోబెట్టి, కాళ్ళు పట్టుకుంది. "తప్పు సేసినాను వదినా. ఈ గుంట కోసం సేసినాను" అంది. మా నాయనమ్మ ఒకరి కాళ్ళు పట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తన ఎత్తు పారినందుకు ఆవిడ మొహంలో సంతోషం లేదు.

ఇంతలో తల్లిని వెతుక్కుంటూ ప్రెసిడెంటు గారు వచ్చారు. వెనక సెక్రటరీ. గుమ్మంలో మా నాన్న. ఆ రోజు మా గ్యాంగు పేరు కాగితం మీద లేదు, అందుకే ఇంట్లో ఉన్నాడు. ప్రెసిడెంటు గారు వెలుతురులోంచి వచ్చారు కదా, చీకట్లో ఏమీ కనపడక, అలవాటున్న మనిషిలా తిన్నగా నా మంచం వైపు నడిచి కిటికీ ఉండే చోట చెయ్యి చాపారు. ఆ చెయ్యి ఇటుకకు తగిలింది. అటూ ఇటూ తడిమారు. రాయి గోడ మీద వేస్తున్నామని చెప్పారే గాని, అందుకు కిటికీ మూశామని ఆయనకు చెప్పలేదు. గుడ్డ తీసిన రోజున జనంలో ఆయనా చూసుకోలేదు, అడగలేదు. వాళ్ళ అమ్మ మాత్రం అది చూసి ఏడుపు ఆపింది.

"నీకు అమ్మోరు పోసినప్పుడు ఇరవై దినాలు ఇక్కడే పడున్నావు. గాలి ఇటే వచ్చింది. మర్సిపోనావా?"

ఆయన చెయ్యి ఇటుకల మీదే ఉంది. ఒక ఊచ వంగి ఉండేది, నాయన కొక్కెం పెట్టి నేనే వంచాను, తల పట్టేది కాదు, అన్నారు. ఎవరికి చెప్పారో తెలియదు.

అప్పుడు మా నాన్న కదిలాడు. గుమ్మంలోంచి వచ్చి నా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కింద చెయ్యి పెట్టి, గోనె చుట్టిన బరువైనదేదో ఈడ్చి బయటికి లాగాడు. గోనె విప్పాడు. చట్రంతో సహా నా కిటికీ. నాలుగు ఊచలూ ఉన్నాయి. రెండోది వంగే ఉంది.

"పాత ఇనుముకి ఏసీమన్నారు బావూ. నానెయ్యనేదు" అన్నాడు. అంత పొడుగు మాట ఒక పెద్దమనిషి ముందు మా నాన్న మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు.

కాలు కదిలించలేని దాన్ని, మంచం కిందికి వంగి చూడలేదు. మూడు వారాలు కిటికీ పోయిందని ఏడ్చానే, ఆ మూడు వారాలూ నేను పడుకున్నది దాని మీదే.

మరో నాలుగు రోజులకు, ప్రెసిడెంటు గారు పంపితే, అదే మేస్త్రీ వచ్చి రాయీ ఇటుకలూ తీసి కిటికీ మళ్ళీ పెట్టాడు. ఈసారి నవ్వలేదు. మొదటి ఇటుక ఊడినప్పుడు లోపలికి వచ్చిన గాలిలో మురిక్కాలువ వాసనా, చేపల వాసనా ఉన్నాయి. నోరు తెరిచి తాగాను. అమ్మవారి ఊరేగింపు రోజున మా గల్లీలో ఎవరో బండి అడ్డం పెట్టడంతో నాకు సరిగ్గా కనపడింది అమ్మవారి వీపు మాత్రమే. వెదురు బద్దలూ, గడ్డీ, తాళ్ళూ. ఆ బండి ఎవరిదో నాకు తెలుసు. నాయనమ్మ మాత్రం, ఎనకేపు కూడా అమ్మోరే, దండం పెట్టు అంది. పెట్టాను. ఆ తర్వాత తాను పెద్దల అమావాస్యకు ముద్ద పెట్టినప్పుడల్లా, ప్రెసిడెంటు గారు నూరేళ్ళు బతకాలని పైకే అనేది. బతికున్న మనిషిని పోయినవాడిలా పిలిచిన నోరు కదా, దానికి శుద్ధి అనేది.

రాయి ఏమైందంటే, కుళాయి దగ్గర బోర్లా వేశారు. ఆడవాళ్ళు దాని వీపు మీద బట్టలు ఉతికారు. ఏళ్ళ తర్వాత లైను కొట్టేసినప్పుడు కొయ్య చట్రం చెదలు పట్టి పొడి అయిపోయింది గాని, వంగిన ఊచను నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా గది కిటికీ గట్టు మీద ఉంటుంది. ఊరికే ఉంటుంది, దాంతో పనేమీ లేదు.

మొన్న మా పాత గల్లీ నుంచి కబురు వచ్చింది. లైను ఉన్న చోట నాలుగంతస్తుల ఇల్లు లేచింది. సంఘంవాళ్ళ మనవలు ఆ రాయిని వెతికి తీసి, రుద్ది కడిగి, గేటు పక్కన నిలబెట్టి, పైన ఒక దీపం కూడా పెట్టారు. ప్రెసిడెంటు గారు పోయి చాలా కాలమైంది కాబట్టి ఇప్పుడు రాయి ఉండడంలో తప్పు లేదు. ఆ లైనులో పుట్టినవాళ్ళలో పెద్దదాన్నని నన్ను సభకు పిలిచి, చివరి వరసలో కుర్చీ వేశారు. మంచినీళ్ళు అడిగితే తెచ్చారు, అడక్కుండా తేలేదు.

అంతా అయ్యాక ఒక అమ్మాయి, సెక్రటరీ మునిమనవరాలట, ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ముక్కు అచ్చం ఆయనదే. "మామ్మా, ఏటి రాసుందో చదివి చెప్పవా? మాకు తెలుగు మాటాడ్డం వచ్చు గాని చదవడం రాదు. రికార్డు చేసుకుంటాం" అంది. అక్కడున్న పిల్లలు ఎవరికీ రాదట. రాయి పెట్టారు, దాని మీద ఏముందో తెలియదు.

లేచి రాయి దగ్గరికి వెళ్ళాను. ఫలానావారు ఈ గదిలో పుట్టి పెరిగారు, రేవు కూలీల సంఘానికి ప్రెసిడెంటు అయ్యారు అని, చెక్కి ఉన్నది చెక్కి ఉన్నట్టు చదివాను. అక్కడితో అక్షరాలు అయిపోయాయి. నేను ఆగలేదు. వేలు అలాగే రాయి మీద పెట్టి, అదే గొంతుతో మిగతాదీ చదివాను. ఈ గదికి ఒక కిటికీ ఉండేది. జబ్బుపడిన పిల్లలకు గాలి దానిలోంచే వచ్చేది. ఒకప్పుడు దాన్ని మూసేస్తే, ఒక బస్తాల కూలీ దాన్ని తన కూతురి మంచం కింద దాచాడు.

అమ్మాయి ఫోను దించి రాయిని చూసింది. "ఇంతుందా మామ్మా? చిన్న రాయే కదా."

"ఉంది" అన్నాను.

నన్ను అవమానించినవాళ్ళ పేర్లు నాకు కంఠతా వచ్చు. మేస్త్రీ, పక్కింటి అక్క, బండివాడు, అందరికంటే పైన సెక్రటరీ. ఒక్కొక్కరూ ఏం చేశారో చెప్పగలను. తొమ్మిదేళ్ళప్పుడు ఆ వరసలో నాలుగో పేరు మా నాన్నది. ఇన్నేళ్ళలో నేను కొట్టేసిన పేరు అదొక్కటే.